బరువైనది కొట్టుకి, తేలికది అమ్మాయికి

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే కనీసం నాలుగు తెల్లవెంట్రుకలైనా ఉండాలని మా అమ్మ అంటుంది. నాకు అవి ఇంకా రాలేదు. కానీ బ్లాగులనేవి మనుషుల కంటే తొందరగా ముసలివైపోతాయి కాబట్టి, వాటి వయసు లెక్కన నేను ఎప్పుడో పింఛను పుచ్చుకోవలసినవాణ్ణి. ఆ రోజుల్లో, అంటే నేను బందరు నుంచి గుడ్లవల్లేరు ఇంజనీరింగు కాలేజీకి గుడివాడ బస్సు ఫుట్‌బోర్డు మీద చదువుకోవడానికి వెళ్ళొచ్చే రోజుల్లో, తెలుగు పుస్తకాల మీద ఒక బ్లాగు నడిపేవాణ్ణి. నడిపేవాణ్ణి అనడం కాస్త గొప్పకే. అది నడిచిందెక్కడ? ఉన్నచోటే కూర్చునేది, నేనే దాని చుట్టూ తిరిగేవాణ్ణి. ఒక పుస్తకం చదివి, దాని మీద నాలుగు పేరాలు రాసి, మీట నొక్కి, ఇక లోకం ఏమంటుందోనని చూసేవాణ్ణి. లోకం ఏమీ అనేది కాదు. అప్పుడు ఇంట్లో ఉన్న ఫోన్లన్నింటిలోనూ ఆ వ్యాసం నేనే తెరిచేవాణ్ణి, చూసినవాళ్ళ సంఖ్య కాస్త పెరుగుతుందని. ఆ లెక్కన చిలకలపూడి కవరింగు నగల వర్తకులందరిలోకీ తెలుగు సాహిత్యాన్ని శ్రద్ధగా చదివింది మా మావయ్యే (ఆ సంగతి ఆయనకి ఇప్పటికీ తెలియదు).

ఆనందాలు లేవని కాదు. ఎవరూ తలుచుకోని పుస్తకం ఒకటి మనకి దొరికి, దాన్ని మనమే లోకానికి చెబుతున్నామనుకున్నప్పుడు ఒళ్ళంతా తేలికైపోతుంది. ఆ తేలికదనం మొదటి వ్యాఖ్య వచ్చేదాకా ఉంటుంది. మా బ్లాగుకి వచ్చే వ్యాఖ్యలు రెండే రకాలు. ఒకటి "నైస్". రెండోది "పీడీఎఫ్ ఉందా అండీ?" నాకు టైఫాయిడ్ వచ్చింది, కొన్నాళ్ళు రాయలేను, మన్నించండి అని ఒకసారి పెడితే, దాని కింద కూడా ఒకాయన ఎంతో మర్యాదగా పీడీఎఫ్ అడిగాడు. ఇక సొంతంగా అచ్చు వేయించుకున్న కవులు వేరే కోవ. వాళ్ళ పుస్తకాన్ని మెచ్చుకుంటే ఇంకో పుస్తకం పంపిస్తారు. మెచ్చుకోకపోతే వాళ్ళే వస్తారు. "దీనివల్ల నీకేమొస్తుందిరా అల్లుడూ?" అని మావయ్య అడిగినప్పుడల్లా, "కవులొస్తారు మావయ్యా" అనేవాణ్ణి.

అలాంటి ఎడారిలోకి ఒకరోజు 'ఉప్పుగాలి' అనే పేరుతో ఒక వ్యాఖ్య వచ్చింది. పొడుగ్గా ఉంది. పీడీఎఫ్ అడగలేదు. నైస్ అనలేదు. "మీరు ఈ కథ ముగింపుని అర్థం చేసుకోలేదనుకుంటాను" అని మొదలై, నేను ఎందుకు అర్థం చేసుకోలేదో వివరంగా చెప్పి, "ఏమీ అనుకోకండి" అని ముగిసింది. ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? బస్సులో నిలబడి దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుని, గుడ్లవల్లేరులో దిగడం మర్చిపోయి గుడివాడ దాకా వెళ్ళిపోయాను. ఆ తర్వాత నేను ఏం రాసినా ఉప్పుగాలి వచ్చేది, వచ్చి కాదనేది. ఒప్పుకున్నప్పుడు మాత్రం మాట్లాడేది కాదు. నాగాయలంక దగ్గరి ఊరి అమ్మాయనీ, పోటీ పరీక్షల కోచింగుకి రోజూ అవనిగడ్డ వస్తుందనీ ఆ మాటా ఈ మాటా కలిపి తెలుసుకున్నాను. నా వ్యాసం బాగుందని ఊరంతా చెప్పినా (ఊరు చెప్పలేదనుకోండి) నాకు చాలేది కాదు. ఆవిడ వచ్చి కాదనాలి. అప్పుడుగానీ ఆ రోజు అన్నం సహించేది కాదు. దీన్ని ఏమంటారో నాకు తెలుసు. తెలిసినా బయటికి అనలేదు, ఎందుకంటే నేను అన్నీ ఎగతాళి చేసే మనిషినని కాలేజీలో పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి చాలా కష్టపడ్డాను.

అలా ఉండగా గుడివాడలో పాత పేపర్ల కొట్టులో నాకొక నవల దొరికింది. అట్ట లేదు, ముందు పేజీలు లేవు, పేరూ రచయితా ఎవరో తెలియదు. ఇటుక బరువు. కథేమిటంటే, ఒక రేవులో టీ కొట్టు పెట్టుకున్న ఆవిడ, ఆ రేవులో పడవ నడిపే అతను. ఏటి మీద వంతెన పడుతుంది, పడవ పని అయిపోతుంది, అతను పట్నం వెళ్ళిపోతాడు. ఆవిడ మాత్రం జనం రాని రేవులో కొట్టు కట్టేయకుండా అలాగే ఉండిపోతుంది. ఆవిడంత మొండి మనిషిని నేను పుస్తకాల్లో చూడలేదనీ, అతనితో వెళ్ళి ఉంటే నవల సగంలో అయిపోయేదనీ, మనకి మోత తగ్గేదనీ రాసి పడేశాను. మొదటి వ్యాఖ్య వెంటనే వచ్చింది: పీడీఎఫ్ ఉందా అండీ (పేరు తెలియని నవలకి!). రెండోది ఉప్పుగాలి. "మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆవిడ మొండిదేం కాదు. రమ్మని అతను అడిగినట్టు మీరెక్కడా రాయలేదు. అడగందే ఎలా వెళ్తుంది? నాకు ఈ పుస్తకం చదవాలని ఉంది. ఎక్కడ దొరుకుతుంది?"

ఎక్కడా దొరకదు, నా దగ్గరే ఉంది, బస్సులో పంపిస్తాను అని రాశాను. మా వైపు ఇది మామూలే. హాస్టలు పిల్లలకి క్యారేజీలు, కూతుళ్ళకి ఆవకాయ జాడీలు, చుట్టాలకి ఐసులో పెట్టిన రొయ్యలు, అన్నీ డ్రైవరు గారి సీటు పక్కనే ప్రయాణం చేస్తాయి. అవతల బస్టాండులో ఒకరు నిలబడి అందుకుంటారు. పుస్తకం తడవకుండా మావయ్య దగ్గరి పాత పేపర్లు చుట్టి, మావయ్య దగ్గరి పసుపు టేపే అంటించాను. ఆ రోజు అదే బస్సులో మావయ్య కూడా అవనిగడ్డలో ఒక కవరింగు కొట్టుకి సరుకు పంపుతున్నాడు. డాన్సు నేర్చుకునే ఆడపిల్లలకి కార్యక్రమం ఉందట, కాసులపేరూ వంకీలూ పాపిటచేరూ. అదీ పాత పేపర్లే, అదీ పసుపు టేపే. పైన పేర్లు రాద్దామంటే మావయ్య ఒప్పుకోలేదు.

"నగల పొట్లం మీద పేరు రాస్తారట్రా ఎవరైనా? దొంగకి అడ్రసు చెప్పినట్టుంటది."

"కవరింగే కదా మావయ్యా."

ఆ మాట అనకూడదు. మా ఇంట్లో ఆ మాట బూతుతో సమానం. మావయ్య నావైపు ఒక చూపు చూసి, డ్రైవరు గారి వైపు తిరిగి, "ఏమండీ, ఇవి రెండు. బరువైంది నగలు, కొట్టు భాయ్ గారికి. తేలిగ్గా ఉన్నది పుస్తకం, ఒక అమ్మాయి వస్తుంది, ఆ అమ్మాయికి. మన సరుకు చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోద్దిలెండి" అన్నాడు. తన కవరింగు మీద మావయ్యకి ఉన్న నమ్మకం అలాంటిది. డ్రైవరు గారు రెండు చేతుల్లో రెండూ ఎత్తి చూసి, తల ఊపి, చెప్పింది చెప్పినట్టే చేశారు. బరువైనది కొట్టుకి, తేలికది అమ్మాయికి.

సాయంత్రం బ్లాగులో ఉప్పుగాలి వ్యాఖ్య. "పార్సిల్ అందింది. ఇందులో కథ లేదు గానీ అలంకారాలు మరీ ఎక్కువగా ఉన్నాయి. మా నాయనమ్మకి మాత్రం చాలా నచ్చింది, మెడలో వేసుకుని తిరుగుతోంది." తెలియని ఆడపిల్లకి నగలు పంపిన ఘనుణ్ణయిపోయాను, అదీ నలుగురూ చూసే చోట. అదే సమయానికి మావయ్య ఫోను మోగింది. స్పీకర్లో కొట్టు భాయ్ గారి గొంతు.

"ఏందండీ ఇది, కాసులపేరు అడిగితే పుస్తకం పంపారు? రేపు సాయంత్రం పిల్లల ప్రోగ్రాం. ఆ పిల్లలకి మెళ్ళో పుస్తకాలు కట్టమంటారా?"

తన నగల కంటే పుస్తకమే బరువు తూగినందుకు మావయ్యే నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. "నువ్వే వెళ్ళి మార్చిరా" అన్నాడు. రేపు పొద్దున్నే భాయ్ గారి కొట్టు దగ్గరికి రాగలరా అని బ్లాగులో రాశాను. "వస్తాను. నాయనమ్మ కూడా వస్తుంది. నగ ఆవిడ మెడలోనే ఉంది" అని జవాబొచ్చింది. దాని కింద ఎవరో "నైస్" అని పెట్టారు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని అవనిగడ్డ బస్సెక్కాను. చల్లపల్లి దాకా అడగవలసిన మాటలు కూర్చుకున్నాను. ఫోన్ నంబరు అడగాలి. బ్లాగులో కాకుండా మామూలుగా మాట్లాడుకుందామా అని అడగాలి. మోపిదేవి దాటాక ఆ మాటలన్నీ ఒక్కొక్కటే నాకు నవ్వు తెప్పించడం మొదలుపెట్టాయి. ఎదుటివాళ్ళ మాటలని వెక్కిరించి వెక్కిరించి, నా మాటలని కూడా నేనే వెక్కిరించుకునే దశకి వచ్చానన్నమాట.

కొట్టులో ముగ్గురున్నారు. గల్లాపెట్టె వెనక భాయ్ గారు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో, చేతిలో నా నవల. బెంచీ మీద కాసులపేరుతో ధగధగలాడుతున్న ముసలమ్మ గారు. పక్కన ఉప్పుగాలి. నేను ఊహించుకున్నట్టు లేదు, ఊహలో కంటే కాస్త పొట్టి, కాస్త ఎక్కువ నవ్వు. నేను నోరు తెరిచేలోపు భాయ్ గారు చెయ్యెత్తి, "బాబూ, కూర్చో. ఈ చివర కాస్త ఉంది, అయ్యాక ఇచ్చేస్తా. రాత్రి మొదలెట్టాను, పడవ కట్టేసేదాకా వచ్చా" అన్నారు. గాజులు అడగడానికి వచ్చిన ఒకావిడని కూడా అదే చేత్తో ఆపేశారు.

అలా దేవుడే బెంచీ వేసి, మనుషులని కూర్చోబెట్టి, సమయం ఇచ్చిన ఉదయం అది. నేనేం చేశానంటే, ఎదురుగా వేలాడుతున్న చెవిదిద్దుల వరుసలని చూస్తూ కూర్చున్నాను.

"ఏం అబ్బాయ్, పుస్తకాల మీద రాసేది నువ్వేనా?" అంది నాయనమ్మ గారు.

"అవునండీ."

"మా పిల్ల పొద్దస్తమానం ఆ ఫోను చూసి నీ మీద కోప్పడతా ఉంటది. పరీక్షకి చదవమంటే, ఉండవే ఇతనికి జవాబు చెప్పాలి అంటది."

"నాయనమ్మా!" అంది ఉప్పుగాలి. ముఖం ఎర్రబడిందో, కొట్టులోని ఎర్రరాళ్ళ నెక్లెసు మీది వెలుతురో చెప్పలేను. కాసేపటికి తనే నావైపు తిరిగి, "ఈ మధ్య ఇంకేమైనా మంచి పుస్తకం దొరికిందాండీ?" అని అడిగింది.

"పీడీఎఫ్ లేదండీ" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలియదు. చేతి అలవాటు నోటికి వచ్చేసింది. ఉప్పుగాలి బెంచీ పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో అడిగేస్తే అయిపోయేది. కానీ ఆవిడే ముందు, "బ్యాంకు పరీక్ష పాసయ్యానండీ. అనంతపురం వేశారు. వచ్చే వారం వెళ్తున్నాను" అని చెప్పింది. చెప్పి నావైపే చూసింది. నా మనసులో ఏం జరిగిందో రాయడానికి నాకు భాష చాలదు. పైకి మాత్రం, "శుభాకాంక్షలండీ. అక్కడ ఎండలు ఎక్కువట" అన్నాను.

అంతలో భాయ్ గారు పుస్తకం ఫట్‌మని మూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అడగలేదమ్మా! ఇంత బరువు పుస్తకంలో ఒక్కసారైనా అడగలేదు వాడు, వెధవ!" అన్నారు.

"చూశారా, నేనూ అదే అన్నాను" అంది ఉప్పుగాలి.

నేను గాజుల వరుసల్లోకి దృష్టి మార్చాను. డాన్సు పిల్లలకి నగ కావాలంటే నాయనమ్మ గారు కాసులపేరు తీసి, మిగతా నగల పొట్లంతో పాటు బల్ల మీద పెట్టింది. (తర్వాత మావయ్య ఆవిడకి ఇంకోటి చేసి బస్సులో పంపాడు. దాని మీద పేరు రాశాడు.) నవల ఉప్పుగాలి చేతికి వెళ్ళింది. నాగాయలంక బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి, "చదివి రాస్తాను" అంది. "వానొచ్చేలా ఉంది, పుస్తకం తడవనివ్వకండి" అన్నాను. బస్సు కదిలాక గుర్తొచ్చింది, ఆకాశంలో మబ్బు కూడా లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి వ్యాఖ్య వచ్చింది. అనంతపురం నుంచే వచ్చి ఉంటుంది. "చదివాను. ఆవిడ మొండిది కాదు. అతను చివరిసారి టీ తాగడానికి వచ్చిన రోజు ఆవిడ బల్ల కింద సంచి సర్దిపెట్టుకుని ఉంది. ఒక్క వాక్యమే. మీరు ఆ పేజీ చూడకుండా దాటేసి ఉంటారు." నిజంగానే ఆ వాక్యం నాకు గుర్తులేదు. తిరగేసి చూద్దామంటే పుస్తకం ఆవిడ దగ్గరే ఉంది. జవాబు రాసి చెరిపాను, మళ్ళీ రాసి చెరిపాను. ఆఖరికి బ్లాగు పెట్టినప్పటి నుంచి అందరికీ ఇస్తూ వచ్చిన జవాబే వేళ్ళు టైపు చేశాయి: "మీ స్పందనకు ధన్యవాదాలండీ."

దాని తర్వాత ఉప్పుగాలి రాలేదు. ఉద్యోగం, పని, కొత్త ఊరు. మనుషులకి బోలెడు ఉంటాయి. నా కాలేజీ అయిపోయింది, నాకూ ఒక ఉద్యోగం వచ్చింది, పుస్తకాల మీద రాసేవాళ్ళంతా వీడియోల్లోకి వెళ్ళిపోయారు. నా బ్లాగు మాత్రం అక్కడే ఉంది. ఇప్పటికీ నెలకో వ్యాసం రాస్తాను. రాసిన ప్రతిదాంట్లోనూ ఒకచోట, కావాలనే, ఒక తప్పుడు అభిప్రాయం పెడతాను. తెలివైన మనిషెవరైనా చదివితే ఊరుకోలేనంత తప్పు. కరుణ గల మనిషిని కఠినుడంటాను, బాగున్న ముగింపుని బాగాలేదంటాను. పెట్టి, అన్నం ముందు కూర్చుని ఫోన్ చూస్తాను. ఎవరూ వచ్చి కాదనడం లేదు. అడ్డు చెప్పేవాళ్ళు లేకపోవడంతో ఆ తప్పుడు అభిప్రాయాలన్నీ అక్కడే స్థిరపడిపోయాయి. కిందటి వారం ఒక కొత్త కుర్రాడు వాటిలో ఒకదాన్ని ఎత్తి రాసి, నన్ను సూక్ష్మదృష్టి గల విమర్శకుడన్నాడు. నవ్వుకుని, ధన్యవాదాలు చెప్పి, ఇంకో తప్పు రాయడానికి కూర్చున్నాను.