కృష్ణవేణి ఆపిన ఒక్క లైను

టెక్కలిలో మా ఇంటర్నెట్ ఆఫీసులో కృష్ణవేణి పక్క కుర్చీ నాది. ఆమెది సోంపేట దగ్గర జలంత్రకోట, కొబ్బరితోటలున్న రైతుల ఇల్లు. వయసు నలభై దాటలేదు. మాట తక్కువ, పని కచ్చితం. పలాస పేరెత్తితే మాత్రం పళ్ళు బిగుస్తాయి. ఎందుకో చెబుతాను. న్యాయంగా చెప్పమని నన్నడగొద్దు, నేను ఆమె పక్షం.

మూడేళ్ళ కిందటి దాకా ఆమె పలాసలో జగదీశ్వరరావు దగ్గర పనిచేసేది. జీడిపప్పు ఫ్యాక్టరీలకూ ఇళ్ళకూ నెట్ ఇచ్చే చిన్న కంపెనీ ఆయనది. ఆయన తన మేనల్లుడు మణిదీప్‌ని తెచ్చి ఆమె మీద పెద్దగా కూర్చోబెట్టాడు. పని నేర్పమన్నది కూడా ఆమెనే.

రౌటర్లు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి, ఫలానా అడ్రసులకు వెళ్ళాలంటే నా మీదుగా రమ్మని. అందులో ఏ కబురు తీసుకోవాలో, ఏది తోసెయ్యాలో చెప్పే జాబితా ప్రిఫిక్స్ లిస్టు. రౌటరు దాన్ని పైనుంచి కిందికి చదువుతుంది. ఎక్కడ కలిస్తే అక్కడ ఆగిపోతుంది. ఎక్కడా కలవకపోతే ఆ కబురును తోసేస్తుంది.

ఇదంతా మణిదీప్ బుర్రకెక్కలేదు. కృష్ణవేణి పెళ్ళి పిలుపుల్లోకి దింపింది.

"ఒకింటిని పిలవొద్దని కాయితం మీద ఒక్క ముక్క రాసి ఇచ్చినావనుకో బాబూ, మిగతా ఊరిని పిలిసినట్టు అవదు. పిలవని పేరంటానికి ఎవులొత్తారు? మిగతా అందర్నీ రమ్మని కిందన నువ్వే రాయాల."

మణిదీప్ తలూపాడు. ఆ తలకు తెలిసిన విద్య అదొక్కటే.

నెల తిరక్కుండానే ఒక ఉదయం, దొంగ కబుర్లు పంపుతున్న ఒక నెట్‌వర్కును ఆపాలని ఆ లిస్టులో 'దీన్ని రానివ్వొద్దు' అని ఒక్క లైను రాశాడు. మిగతావన్నీ రావచ్చన్న లైను రాయలేదు. కంపెనీకి బయటి ప్రపంచం ఒక్కసారిగా తెగిపోయింది. ఫ్యాక్టరీల్లో బిల్లులు పుట్టక జీడిపప్పు లారీలు కదల్లేదు. వ్యాపారులు ఆఫీసు మీద పడ్డారు. కృష్ణవేణి ఆ తప్పు వెతికి దిద్దుతూ ఉండగానే, జగదీశ్వరరావు వాళ్ళందరి ముందూ ఆమె వైపు వేలు చూపించాడు.

"ఆడమనిసి సేతికి రౌటరు ఇచ్చినందుకు నా సెప్పుతో నాను కొట్టుకోవాల. రేపట్నుంచి రానక్కర్నేదు, ఎల్లిపో."

మణిదీప్ గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ తరవాత పలాసలో, సోంపేటలో ఆమెను ఎవరూ పనిలోకి తీసుకోలేదు. ఊరంతా నెట్ పోగొట్టిన మనిషి అన్న పేరు ఆమెకంటే ముందే ప్రతి ఆఫీసుకూ చేరేది. ఏడాది ఖాళీగా ఉండి, చివరికి మా దగ్గర చేరింది. ఆ ఏడాది సంగతి ఒక్కసారే మాట్లాడింది. "ఆ జగదీశ్వరరావు నోటితోనే నా పేరు కడిగించాల. అంతవరకూ నాకు నిద్దర నేదు." నేను అప్పుడు ఊరికే అన్న మాట అనుకున్నాను.

దేవుడు ఆలస్యం చేసినా దారి చూపించాడు. పలాస కంపెనీకి పైనుంచి నెట్ వచ్చేది మా దగ్గర్నుంచే. వాళ్ళ అడ్రసులను మా లిస్టులో రాసేది కృష్ణవేణి. మొన్న ఫిబ్రవరిలో వాళ్ళు కొత్తగా ఒక పెద్ద అడ్రసుల బ్లాకు తీసుకున్నారు. దాన్ని లిస్టులో ఎక్కించమని మణిదీప్ మెయిల్ పంపాడు. బ్లాకు మొత్తాన్ని ఒకటిగా రాశాడు. వాళ్ళ రౌటరు మాత్రం దాన్ని నాలుగు ముక్కలు చేసి కబురు పంపుతుంది. ఆ పద్ధతి అక్కడ పెట్టింది ఈమే, కాబట్టి ఈమెకు తెలుసు.

లిస్టులో బ్లాకు పేరొక్కటే రాస్తే అది ఇంటికొక మనిషి పిలుపు. పెద్దాయనే రావాలి, కొడుకులు వస్తే గుమ్మంలోనే ఆపేస్తారు. 'ఇందులోని చిన్న ముక్కలు కూడా' అని చేరిస్తేనే, మీ ఇంట పొయ్యి వెలిగించొద్దని ఇంటిల్లిపాదినీ పిలిచినట్టు.

"ఒకసారి ఫోన్ చేసి అడగరాదా?" అన్నాను.

"అడిగింది సేత్తన్నాను. ఒక్క అచ్చరం ఎక్కువ నేదు, తక్కువ నేదు." నవ్వింది. నేను నోరు మూసుకున్నాను. తప్పే. అయినా నాకూ లోపల ఎక్కడో సంతోషంగానే ఉంది.

మర్నాడు వాళ్ళు ఫ్యాక్టరీలన్నిటినీ కొత్త అడ్రసుల మీదికి మార్చారు. నాలుగు ముక్కలనూ మా రౌటరు తోసేసింది, ఫ్యాక్టరీలన్నిటికీ నెట్ పోయింది. పదింటికి మణిదీప్ ఫోను, పదకొండింటికి జగదీశ్వరరావు ఫోను.

"నువ్వు రాసింది ఏటి?"

"మీ మేనల్లుడు ఏటి రాసినాడో అదే. దిద్దాలంటే ఒక్క లైను చాలు. ఆ రోజు ఎవుల ముందర నన్ను అన్నారో ఆళ్ళని ఎంటబెట్టుకొచ్చి, తప్పు ఎవుడిదో ఆళ్ళ ముందర సెప్పండి."

వచ్చారు. రాక చస్తారా? జగదీశ్వరరావు, మణిదీప్, ముగ్గురు జీడిపప్పు వ్యాపారులు. వాళ్ళలో పెద్దాయన పోలారావు. జగదీశ్వరరావు నేల చూస్తూ, ఆ రోజు తప్పు మణిదీప్‌దేనని, ఆమెది కాదని చెప్పాడు. నా కడుపు చల్లబడింది. ఆమె అప్పటికే కీబోర్డు మీద చెయ్యి వేసింది.

అప్పుడు పోలారావు ఓదార్పుగా అన్నాడు. "పోనీలేమ్మా. ఇది మాకు ఆ రోజే తెల్సు. నీ ఎనకాలే కదా నిలబడ్డాం, మణిదీప్ రాసిన తప్పు నువ్వు దిద్దతన్నది సూత్తానే ఉన్నాం. ఆయనతో రోజూ పనున్నోళ్ళం, మనకెందుకని ఊరుకున్నాం."

కృష్ణవేణి చెయ్యి తీసేసింది. ఆ ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూసింది.

"కూకోండి," అంది.

కుర్చీలు తెచ్చి వేశాను. ఆ లైను రాయడానికి పది సెకన్లు చాలు. ఆమె సాయంత్రం దాకా రాయలేదు.