ఆపరేషన్ పొద్దున మా బావ పెట్టుకున్న గాటు

మా బావ గీసిన చెంప మీద ఒకసారి ఈగ వాలి, జారి కిందపడి కాలు విరగ్గొట్టుకుంది. నేను కళ్ళారా చూశాను. నమ్మనివాళ్ళు ఎనిమిదో తరగతి దాటి చదివినవాళ్ళయి ఉంటారు. నేను అక్కడే ఆగాను కాబట్టి నా కళ్ళు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.

బావ అంటే మా అక్క మొగుడు. బస్టాండు వెనక సందులో రెండు కుర్చీల సెలూన్ ఆయనది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ కుర్చీల వెనకే నిలబడి ఉన్నాడు. గజ్జల్లో కుడిపక్క నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. నిలబడితే బయటికొస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. హెర్నియా అన్నారు. ఆపరేషన్‌కి మూడుసార్లు తారీఖు ఇచ్చారు, మూడుసార్లూ ఎగ్గొట్టాడు. ఒకసారి పెళ్ళిళ్ళ సీజనన్నాడు. ఒకసారి జలుబన్నాడు. మూడోసారి ఏమీ అనకుండా సెలూన్ గోడకి రంగు వేస్తూ దొరికాడు.

పోయిన నెల ఆ ఉబ్బు లోపలికి పోకుండా అరగంట మొరాయించింది. పూర్తిగా ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అక్క నన్ను పిలిపించింది.

"ఈ మనిషిని బల్ల ఎక్కించే పూచీ నీది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చే ఆపరేషనే. చేయించకుండా వెనక్కి తెచ్చావో, నా గుమ్మం ఎక్కకు."

ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితాన్ని ముందురోజు సాయంత్రం సెలూన్లో నేనే గట్టిగా చదివాను. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకూడదు. మంచినీళ్ళు మాత్రం చెప్పిన టైముకి రెండు గంటల ముందు వరకు తాగొచ్చు. ఉంగరాలు ఇంట్లో పెట్టి రావాలి. వదులు బట్టలు వేసుకోవాలి. వెంట ఒక మనిషి ఉండాలి. ఆపరేషన్ చేసే చోట ఇంట్లో గీసుకోకూడదు.

బావ చేతిలో దువ్వెన ఆగింది.

"అది గీయడం రానివాళ్ళకి రాశార్లే."

"అందరికీ అనే ఉంది బావా."

"ఎనిమిది తప్పినవాడికి అలాగే కనిపిస్తుంది. తిప్పు కాగితం."

తిప్పాను. అక్కడే మా కొంప మునిగింది.

పొద్దున్నే ఆసుపత్రి హాల్లో బావ కూచోలేకపోయాడు. ఆయన లెక్కలో కుర్చీ అంటే ఇంకొకరిని కూచోబెట్టేది. లేచి నీళ్ళ మిషన్ దాకా వెళ్ళాడు, తాగకూడదని గుర్తొచ్చి తిరిగొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ఖాళీ వేళ్ళు గాల్లో కత్తెరాడిస్తున్నాయి. ముందు వరసలో కూచున్నాయన మెడ వెనక చూసి, "ఎవడు చేశాడో, మెట్లు కట్టాడు" అన్నాడు. ఆయన విని తల తిప్పాడు. పక్కనే నిలబడ్డ అక్క బావ మోచెయ్యి పట్టుకుని కుర్చీలోకి లాగింది.

"కాస్త కుదురుగా కూచోండి."

"కూచునే ఉన్నానుగా," అన్నాడు నిలబడి.

నర్సు మా ముగ్గురినీ లోపలికి పిలిచి, బావకి వెనక ముడులేసే గౌను తొడిగించింది. పేరు, ఏ పక్క, ఏం తిన్నారు అని అడిగింది. ఇంకో నర్సు వచ్చి అవే అడిగింది. "మీరిద్దరూ మాట్లాడుకోరా?" అన్నాడు బావ. పొరపాటు జరక్కుండా అందరూ అడుగుతారట. కుడిపక్క పెన్నుతో గుర్తు పెట్టబోయి నర్సు ఆగిపోయింది. ఆ చోటు అద్దంలా మెరుస్తోంది. అద్దం మీద ఎర్రగా ఒక గీత.

"ఎవరు గీశారిది?"

బావ పైకప్పు పరీక్షిస్తున్నాడు. ఊరందరికీ గీసిన చెయ్యే, పొద్దున స్నానాల గదిలో వంగి తనవైపు తిప్పుకునేసరికి దారి తప్పింది.

"కత్తితో గీస్తే సన్నటి గాట్లు పడతాయి పెద్దాయనా. వాటిలో చీము పట్టొచ్చు. అవసరమైతే మేమే ఇక్కడ మిషన్‌తో కత్తిరిస్తాం. డాక్టరుగారు చూడాలి. వాయిదా పడినా పడొచ్చు."

వాయిదా అన్న మాటకి బావ ముఖం వెలిగింది.

"అయ్యో, అలాగా. నా ప్యాంటేదే?"

అక్క బట్టల సంచీని గుండెలకి హత్తుకుంది. ఇవ్వలేదు.

డాక్టరమ్మ వచ్చి లైటు వేసి చూసింది. "నేను కోసే చోటికి నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. ఎరుపూ వాపూ లేవు. మంటగా ఉందా? ఉంటే చెప్పండి, ఇవాళ వద్దు."

ఒక్క మాట చాలు, ప్యాంటు చేతికొస్తుంది. బావ నోరు తెరిచాడు. అక్క నావైపు చూసింది. నేను ముందే అందుకున్నాను.

"ఉండే ఉంటుంది డాక్టరమ్మా. వయసు మీద పడింది కదా, పాపం, చెయ్యి వణుకుతోంది. ఈ మధ్య సెలూన్‌కొచ్చేవాళ్ళందరికీ ఇదే వరస."

"ఎవడి చెయ్యిరా వణికేది?" బావ సగం లేచాడు. "నా కత్తి గాటు మంట పెట్టదు. మంటా లేదు, చురుకూ లేదు. రాసుకోండమ్మా."

డాక్టరమ్మ రాసుకోలేదు. గాటు చుట్టూ వేలితో మెల్లగా నొక్కింది. "బామ్మర్ది మీద కోపంతో చెప్పొద్దు. నిజం చెప్పండి."

బావ మళ్ళీ వెనక్కి వాలాడు.

"నిజంగానే లేదమ్మా. భయముంది. దానికేమన్నా వాయిదా ఇస్తారా?"

"దానికివ్వం. తోడుంటాం," అందావిడ. బావని చక్రాల మంచం మీద తోసుకెళ్ళారు.

తలుపు పడింది. ఇక మా వంతు. ఆ గంటలో నేను వరండాలో నడిచిన నడకంతా సాగదీస్తే సముద్రం దాకా వస్తుంది. అక్క సంచీలోని ప్యాంటు మడత విప్పి, మడిచి, మళ్ళీ విప్పింది. డాక్టరమ్మ బయటికొచ్చి, "బాగా జరిగింది. ఉబ్బు మళ్ళీ రాకుండా లోపల వల ముక్క వేసి కుట్టాం" అని చెప్పినా అక్క నమ్మనట్టే చూసింది.

నడుములో ఇచ్చిన మత్తు సూదికి బావ కాళ్ళు ఇంకా నిద్రలోనే ఉన్నాయి. "ఎవరి కాళ్ళో తెచ్చి అతికించారే," అన్నాడు. కాళ్ళు కదలాలి, ఏదైనా తాగితే కడుపులో నిలవాలి, ఒంటేలు రావాలి, అప్పుడే ఇంటికి పంపుతామంది నర్సు. కొన్ని వారాలు బరువులెత్తకూడదు. జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడినా వెంటనే రావాలి. అక్క ఇవన్నీ నా చేత మూడుసార్లు అప్పజెప్పించుకుంది.

నాలుగింటికి కాళ్ళు కదిలాయి. రసం తాగాడు, నిలిచింది. అయిదింటికి భుజం పట్టి మరుగుదొడ్డి దాకా నడిపించి, తలుపు ఓరగా వేసి బయట నిలబడ్డాను. అక్క నా వెనకే నిలబడింది.

"వచ్చిందా?" అంది.

"ఇద్దరూ కాపలా కాస్తుంటే ఎలా వస్తుందే?"

రెండడుగులు వెనక్కి జరిగాం. మళ్ళీ ముందుకొచ్చాం. చాలాసేపటికి లోపల సన్నగా ధార చప్పుడైంది.

అక్క అక్కడున్న స్టూలు మీద కూలబడి ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది. పొద్దుటినుంచి ఆమె కూచోవడం అదే మొదలు. కాసేపటికి చేతులు తీయకుండానే నాతో అంది:

"వెళ్ళి బండి మాట్లాడు. మెల్లగా నడిపేవాణ్ణి చూడు."