మరిది చేతి గాజు

మా మరిది పోయాడని మా ఆయన ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను సాతంరాయిలోని మా ఇంట్లో రాత్రి వంటకు బియ్యం కడుగుతున్నాను, అతనికీ కలిపి. ముప్పై కూడా నిండని మనిషి. పొద్దున డ్యూటీకి పోతూ "నిన్నటి పప్పు మంచిగుండె వదినా" అన్నాడు. నాతో అతని చివరి మాట అదే.

విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని అతనిది. ఆరడుగులు దాటిన సన్నటి ఒళ్లు, బారు చేతులు. మా అత్తగారింటి మగవాళ్లంతా అంతే. వాడకట్టులో మమ్మల్ని 'పొడుగోళ్లు' అనే పిలుస్తారు. నేను పెళ్లయి వచ్చేనాటికి అతను బడికి పోయే పిల్లవాడు. పుట్టింటి మీద బెంగతో నేనో మూల కూర్చుంటే ఎదురుగా వచ్చి, ఒక చేతి బొటనవేలు, చిటికెనవేలితో రెండో చేతి మణికట్టును చుట్టేసేవాడు. ఆ రెండు వేళ్లూ కలిసి, ఒకదాన్నొకటి దాటిపోయేవి.

"చూడు వదినా, ఏ దుకాణంల దొరకని గాజు!"

నవ్వకుండా ఉండటం నా వల్ల అయ్యేది కాదు. కొత్త ఇంట్లో నాకు ధైర్యం ఇచ్చింది ఆ పిల్లవాడే. ఎప్పటికీ మరిచిపోను.

ఆ రోజు డ్యూటీలో ఉండగా అతనికి వీపు మధ్యలో చీరినట్టు నొప్పి వచ్చిందట. బరువులు ఎత్తేవాడు కదా, పట్టేసిందనుకున్నాడు. తోటివాళ్లు మందు రాశారు. దవాఖానకు చేర్చి స్కానింగ్ తీసేసరికే ఆలస్యమైపోయింది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం లోలోపల ఉబ్బి చీలిందని, నేను దవాఖానకు చేరాక డాక్టరమ్మ చెప్పింది. వంశంలో ఉంటే చిన్న వయసులోనూ రావచ్చట. ముందే తెలిస్తే మందులతోనో, అవసరమైతే ఆపరేషన్‌తోనో కాపాడుకోవచ్చట. మా మామగారు కూడా నడివయసులో పొలంలోనే కుప్పకూలి చనిపోయారని చెప్పాను. ఆమె మరిది ఒడ్డూ పొడుగూ, వేళ్లూ ఎలా ఉండేవని అడిగింది. గాజు ఆట సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు.

"వేళ్లు అలా దాటిపోవడం ఈ జబ్బుకు ఒక గుర్తు కావచ్చు. పొడుగున్న వాళ్లందరికీ ఉండదమ్మా. కానీ అతని అన్నగారికి గుండె స్కానింగ్ తప్పకుండా చేయించండి."

పలకరించడానికి వచ్చినవాళ్లంతా "తాగుతుండెనా? బీపీ గిట్ల ఉండెనా?" అని అడిగారు. లేదు, లేదు అని చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది. మా ఆయన దగ్గర స్కానింగ్ మాటెత్తితే ముందు "దినాలు అయిపోనీ" అన్నాడు. అవీ అయ్యాక "నాకేమైంది? మంచిగనే ఉన్న" అన్నాడు. అది భయమని నాకు తెలుసు. నిన్న ఇక బతిమాలే ఓపిక కూడా లేక గడపలో కూలబడ్డాను.

"ఇంకోసారి గిట్ల ఏడ్చుడు నాతోని కాదు" అన్నాను.

ఈ పొద్దున ఆయనే చొక్కా వేసుకుని బండి తీశాడు.

స్కానింగ్ గది బయట బల్ల మీద పిలుపు కోసం కూర్చున్నాం. మరిది గుర్తొచ్చి అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. మళ్లీ ఇటు చూసేసరికి మా ఆయన తల వంచుకుని, ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆడని ఆ ఆట ఆడుతున్నాడు. బొటనవేలు, చిటికెనవేలు మణికట్టు చుట్టూ తిరిగి కలిశాయి. కలిసి, ఒకదాన్నొకటి దాటాయి.