గుంత వేసిన పాచిక

ఆ రోజుల్లో ఒక చోట కుదురుగా కూర్చోవడమంటే ఏమిటో నాకు తెలియదు. సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం వెలిగితే చాలు, ఎవరో నా మీద కక్షకొద్దీ వెలిగించారనుకునేవాణ్ణి. అలాంటివాణ్ణి తీసుకొచ్చి దేవుడు ఉద్యోగం మారతహళ్ళిలోనూ, పీజీ గది కాడుగోడిలోనూ ఇప్పించాడు. మధ్యలో దూరం పెద్దదేమీ కాదు గానీ, సాయంత్రం ఆఫీసు క్యాబ్‌లో బయల్దేరితే దిగేలోపు ఒక పెళ్ళి సంబంధం కుదిరి చెడిపోయేంత సమయం పట్టేది. (అతిశయోక్తి కాదు. ముందు సీట్లో కూర్చునే మా మాస్టారికి ఫోన్లో అలాగే ఒకటి కుదిరి చెడింది.) కిటికీ దించుతూ, ఎత్తుతూ, పక్క బస్సు మనకంటే ముందుకెళ్ళిందా లేదా అని మెడ చాచి చూస్తూ, నేను కుదురుగా ఉండక, ఎవర్నీ ఉండనిచ్చేవాణ్ణి కాదు.

నన్ను ఓ దారికి తేవడానికే మాస్టారు ట్యాబ్ తెరిచాడనుకుంటాను. ఆయన బళ్ళో చెప్పే మాస్టారు కాడు, గుంటూరు వైపు నుంచి వచ్చిన టెస్టింగ్ ఇంజనీరు. ఆట నడిపేవాడు కాబట్టి ఆ పేరు పెట్టాం. బల్ల చుట్టూ కూర్చుని, కాగితాలూ పాచికలూ పెట్టుకుని, తలా ఒక వేషం వేసుకుని ఆడే కథల ఆటను మొత్తంగా ఒక యాప్‌లో కుదించారు. "గుహ ముందర నిలబడ్డారు, లోపల ఏదో మూలుగుతోంది. ఏం చేస్తారు?" అని మాస్టారు అడుగుతాడు. మనం ఏం చేస్తామో చెప్పాలి. చేసింది ఫలించిందో లేదో తెరమీది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది, పది దాటితే మనది, లేకపోతే లేదు. నేను కత్తివీరుణ్ణి. ఆలోచించకుండా దూకే వేషం అదొక్కటే మరి. వెనక సీట్లో నా పక్కన కూర్చునే కర్నూలు అక్క, మా టీమ్‌లో సీనియరు, ఆటలో నాటువైద్యం చేసే ముసలమ్మ వేషం. దూకి దెబ్బలు తినడం నా వంతు, ఆకుపసరు పూయడం ఆమె వంతు. "నిదానంగా పోప్పా, గుహ యాడికీ పోదులే" అనేది. బెంగళూరులో నాకు ఆ మాట చెప్పే మనిషి ఇంకొకరు లేరు. ఆ మాట వినడానికే కొన్నిసార్లు కావాలని దూకేవాణ్ణి.

పాచిక దగ్గరే గొడవంతా వచ్చింది. ట్యాబ్‌ను ఊపితే పాచిక దొర్లుతుంది. చేతికిస్తే నేను మంచి అంకె వచ్చేదాకా ఊపుతానని మాస్టారు, ఆయన తనకు నచ్చినట్టు ఊపుతాడని నేను. ఈలోపు క్యాబ్ ఏ గుంతలో దిగినా పాచిక దానంతటదే దొర్లేది. చివరికి అక్కే తీర్పు చెప్పింది: "ఎవురూ ముట్టుకోవద్దు, గుంతే ఏసుకుంటాది." ఆ రోజు నుంచి ట్యాబ్‌ను గేరు పక్కన పెట్టేవాళ్ళం. అడిగిన మాటకు జవాబుగా తరువాత వచ్చే గుంత ఏ అంకె వేస్తే అదే ఖాయం. గుంతకు ఎవరి మీదా ప్రేమ లేదు కదా. చింతామణి దగ్గరి పల్లె నుంచి వచ్చిన డ్రైవరన్న కూడా గుంత వచ్చే ముందు "పట్టుకోండప్పా, తగుల్తాది" అని హెచ్చరించేవాడు. ఊరంతా రోడ్డును తిడుతుంటే మేం నలుగురమే దానికోసం ఎదురుచూసేవాళ్ళం.

అలా నెలలు గడిచాక అక్కకు పొద్దుటి షిఫ్టు పడింది. సోమవారం నుంచి మా క్యాబ్‌లో రాదు. శుక్రవారం ఆఖరి ప్రయాణం. ఆటలో చూస్తే ముసలమ్మ రాక్షసుడి దెబ్బకు కూలి, కొనఊపిరితో పడి ఉంది. ఒక్క పాచిక మిగిలింది. పది దాటితే బతుకుతుంది, అక్క లేకపోయినా ఆ వేషాన్ని ఇకమీదట నేను నడుపుకోవచ్చు. దాటకపోతే అంతే. అక్క దిగేలోపు తేలాలి. నాకు మధ్యాహ్నం నుంచే అన్నం సయించలేదు. తీరా మెయిన్ రోడ్డెక్కాక డ్రైవరన్న మురిసిపోతూ అన్నాడు: "కొత్తగా తారు పోసినారప్పా, బెణ్ణె మాదిరి ఉండాది సూడు." నిజంగానే వెన్నలా ఉంది. కారు జారిపోతోంది, పాచిక కదలదు. ఏ రోజూ లేనిది ట్రాఫిక్ కూడా లేదు. జీవితంలో మొదటిసారి సిగ్నల్ పడాలని మొక్కుకున్నాను. పడలేదు.

"నేను ఊపుతా, ఒక్కసారి" అన్నాను.

"అట్టా కుదరదు, రూలు రూలే" అన్నాడు మాస్టారు.

"గుంత పడనీప్పా, తొందరెందుకు" అంది అక్క. నా మోకాలు అప్పటికే కుట్టుమిషన్‌లా ఆడుతోంది.

అక్క దిగే మెట్రో స్టేషన్ దగ్గరపడుతుంటే డ్రైవరన్న బండిని పక్క సందులోకి తిప్పాడు. పైపుల కోసం తవ్వి, సగం పూడ్చి వదిలేసిన సందు. దడేల్మని దిగింది చక్రం. పాచిక దొర్లింది, దొర్లింది, నాలుగు దగ్గర నిలబడింది.

మాస్టారు తెరను చేత్తో మూశాడు. "పోనీలేప్పా" అంది అక్క బ్యాగు భుజాన వేసుకుంటూ, "పెద్ద వయసే గదా దానికి. నువ్వు మాత్రం టైముకు తిను." తలుపేసి వెళ్ళిపోయింది. స్టేషన్ జనంలో ఆమె చున్నీ కనబడినంతసేపూ చూశాను. ఆ తరువాత, మీసాలొచ్చిన కత్తివీరుణ్ణి, ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని ఏడ్చాను. ముక్కు చీదుకునేంత ఏడుపు. డ్రైవరన్న అద్దంలో చూసి నీళ్ళ బాటిల్ వెనక్కి అందించాడు.

"అక్క నంబరు ఉండాది గదప్పా నీకాడ?" అన్నాడు మెల్లగా.

నాకు ఒళ్ళు మండింది. "అక్క కోసం కాదన్నా, ముసలమ్మ కోసం" అన్నాను. మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు, డ్రైవరన్న గేరు మార్చాడు. పిచ్చివాణ్ణి, ఆ క్యాబ్‌లో ఆ మాటను నమ్మింది నేనొక్కణ్ణే.