ముహూర్తం రోజుకి తిప్పిన తేదీ

కంప్యూటర్ పత్రికలకి అంటించి ఊరికే ఇచ్చే సీడీలంటే నాకిప్పటికీ ఒళ్ళు మంట. ఎవరింట్లోనైనా కనిపిస్తే విరిచి పారేయాలనిపిస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సామర్లకోట స్టేషన్ రోడ్డులో మేము టైపింగ్ షాపు పెట్టాం. నేను టైపు హయ్యర్ పాసయ్యాను. మా ఆయనకి కంప్యూటరంటే పిచ్చి. ఉన్నదంతా మిషనుకీ ప్రింటరుకీ అయిపోయింది. ఉత్తరాలు కొట్టే సాఫ్ట్‌వేర్‌ని డబ్బు పెట్టి కొనాలన్న ఆలోచనే మా ఇద్దరికీ రాలేదు. పత్రికతో వచ్చిన సీడీలో అరవై రోజుల ట్రయల్ ఉంటే ఆయన దాన్నే ఎక్కించారు.

"అరవై రోజులయ్యాక ఏం చేస్తామండీ?" అని అడిగాను.

"కంప్యూటర్‌లో తేదీ వెనక్కి తిప్పేస్తే మళ్ళీ మొదటి రోజనుకుంటుంది. ఈ రోడ్డులో అందరూ చేసేది అదే," అన్నారు.

పైగా తిప్పేదేదో మంచిరోజుకే తిప్పాలని ఆయన పంతం. మాఘమాసంలో సిద్ధాంతి గారు తిథీ నక్షత్రమూ చూసి షాపు తెరవడానికి పెట్టిన ముహూర్తం ఉంది కదా, గడువు దగ్గరపడినప్పుడల్లా సరిగ్గా ఆ రోజుకి తిప్పేవారు. చేసేది దొంగపని, దానికో ముహూర్తం! అప్పుడు నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉత్తరాల నమూనాలుండేవి. నమూనా తెరవగానే పైన ఆనాటి తేదీ దానంతటదే పడేది. అది మా మిషను నమ్మిన తేదీ. దాన్ని చెరిపేసి అసలు తేదీ కొట్టడం నా వంతు. రోజుకి పాతికసార్లు చేసేదాన్ని కాబట్టి మర్చిపోతానని ఎప్పుడూ అనుకోలేదు.

దసరాకి ముందు ఒకావిడ వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. భర్త ప్రభుత్వ హాస్టల్లో వాచ్‌మన్‌గా చేస్తూ శ్రావణంలో జ్వరంతో పోయాడు. ఇంట్లో అత్తగారు, ఒక పిల్ల. భర్త పోయినవాళ్ళకిచ్చే ఉద్యోగానికి ఏడాదిలోగా అర్జీ పెట్టుకోవాలని ఎవరో చెప్పారట. "మీరే బాగా రాయండమ్మగారూ, నాకేం తెలీదండి," అంది. పదకొండింటికి కరెంటు తీసేస్తారు. పది నిమిషాలుందనగా గబగబా కొట్టి ప్రింటు తీశాను. ఆవిడ కింద తెలుగులో నెమ్మదిగా సంతకం చేసి, కాగితం మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుని వెళ్ళింది. పైన తేదీ నేను మార్చలేదు.

మూడు నెలల తర్వాత కాకినాడ ఆఫీసు నుంచి వచ్చిన మెమో పట్టుకొచ్చింది. భర్త చనిపోవడానికి ఆరు నెలల ముందు తేదీతో అర్జీ ఉంది, సంజాయిషీ ఇమ్మని అందులో ఉంది.

"ఆఫీసులో అందరి ముందూ అడిగారండి. ముందే రాయించి పెట్టుకున్నావా అని నవ్వారండి. నేనేం రాయించానండీ?" అంది.

ఆ నవ్విన గుమాస్తా ఎదురుగా ఉంటే కాలర్ పట్టుకునేదాన్ని. అర్జీ లోపల భర్త చనిపోయిన తేదీ స్పష్టంగా ఉంది. ఇంకా జరగని చావు తేదీని ఆరు నెలల ముందే ఎవరైనా ఎలా రాస్తారు? ఆ మాత్రం ఇంగితం ఉన్నవాడు ఆ ఆఫీసులో ఒక్కడూ లేడా? పోనీ మిషన్లో ఆ అర్జీ ఫైలు తెరిచి, తేదీ సరిచేసి మళ్ళీ ప్రింటు తీసిద్దామంటే, మా మిషను ఆ వారమే మొరాయించింది. మేము తేదీ తిప్పుతున్న సంగతి ఆ ట్రయల్ ఎలా పసిగట్టిందో గానీ, ఫైలు కళ్ళకి కనిపిస్తోంది, ఒక అక్షరం మార్చనివ్వదు, ప్రింటు ఇవ్వదు.

"టైపింగ్ తప్పని రాసిచ్చెయ్. అసలు సంగతి రాస్తే మన పరువేం కావాలి?" అన్నారు మా ఆయన.

ఆయన్ని తిట్టాను. తిట్టి, ఆయన చెప్పినట్టే రాసిచ్చాను. ఇన్నేళ్ళయినా నేను క్షమించుకోలేనిది ఆ కాగితాన్నే. తేదీ మర్చిపోవడం పొరపాటు. ఈ రెండోది నా పిరికితనం. దసరా నుంచి మాఘానికి వేలు జారిందా అని ఆఫీసులో మళ్ళీ నవ్వి, ఫైలు పక్కన పడేశారు.

ఏడాది గడువు ముంచుకొచ్చింది. అప్పుడు ట్రయలూ, తేదీ తిప్పడమూ ఒక్కటీ దాచకుండా చేత్తో రాసి, ఆవిడతో కాకినాడ బస్సెక్కాను. అధికారి ముందు నిలబడి అంతా చెప్పాను. ఆయన కాగితం తీసుకుని, "ఈ ముక్క మొదటే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేదా అమ్మా?" అన్నారు. రెండు నెలలకి ఆవిడకి హాస్టల్లోనే వంటమనిషిగా ఉద్యోగం వచ్చింది.

స్వీట్లు తెస్తుందనుకున్నాను. రాలేదు. కబురు చేస్తే వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. మొగుడు పోకముందే అర్జీ రాయించి పెట్టుకుందని ఆఫీసులో అన్న మాట ఎవరో ఇంటిదాకా మోశారట. అప్పట్నుంచీ అత్తగారు తన చేతి అన్నం ముట్టడం లేదట.

మర్నాడే వాళ్ళింటికి వెళ్ళాను. ఆ ముసలావిడ ముందు కింద కూర్చుని, సీడీ దగ్గర్నుంచీ అన్నీ చెప్పాను. తప్పు నాదేనని, మీ కోడలికి ఏ పాపమూ తెలియదని చెప్పాను. ఆవిడ అడ్డు రాకుండా చివరిదాకా వింది.

"అలా తిప్పినందుకు మీకేం కలిసొచ్చిందమ్మా?" అని అడిగింది.

"కొనక్కర్లేకుండా పనైపోయిందండి," అన్నాను.

కోడలు వండిపెట్టిన గిన్నె వైపు ఆవిడ చూడనైనా లేదు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, తన ఒక్కదానికే బియ్యం కడుక్కుంది.