గంజి ఆరేలోగా

పోయిన మంగళవారం పొద్దున మా మేనత్త పోయింది. నూలుకు గంజి కాచి, కుండకు మూత పెట్టి, "కాళ్లు లాగుతాండాయి, కొంచేపు ఒరుగుతా" అనింది. మళ్ల లెయ్యలేదు. ఎనభై దాటిన మనిషికి ఏడ్చేదేముందని అందరూ అంటాండారు. నాకు మాత్రం ఏడుపొస్తాంది. ఎందుకో చెప్తా, వినండి.

మా నాయన పోయినంక నన్ను మగ్గం గుంతలో కూచోబెట్టి పని నేర్పింది ఆమెనే. నోరు కారం. పోగు తెగింది చూసుకోకుండా నేస్తాంటే నెత్తిన మొట్టి, "తెగిన చోటికి పో అల్లుడా, ముందుకు పోతే ఏముండాది?" అనేది. ఊర్లో ఎవురన్నా ఒక మాట మోసుకొస్తే కూడా అంతే. "నువ్వు చూసినావా? నీకెవురు చెప్పినారు?" అని అడిగి అడిగి వాన్ని విసిగించేది. ఆమె దగ్గరికి చాడీలు చెప్పేదానికి ఎవురూ వచ్చేవాళ్లు కాదు.

నాకు ఇరవై ఏండ్లప్పుడు వానల్లేక పెన్న ఇసుకలో తవ్విన చెలిమలు కూడా ఎండినాయి. ఆ ఎండల్లోనే ఊర్లో కలరా తగిలింది. మా నేతగాళ్ల వీధిలో ఇంటికొకరు మంచం పట్టినారు. మిగిలిన ఒక్క బావిలో నీళ్లు ఎర్రగా వస్తాండాయి. మా నూలుకు రంగులేసే సాయిబు అందులో ఏందో కలిపినాడని ఒక మాట పుట్టింది. సందేళ పుట్టిన మాట, తెల్లారేసరికి కట్టెలు పట్టుకొని లేచింది.

నేనూ పోయినా. చేతిలో పిడికెడు రాయి. నిజం చెప్తా, సాయిబు మీద నాకు కోపమే లేదు. ముందు రోజే ఆయప్ప ఇంట్లో మజ్జిగ తాగొచ్చినా. పక్కోడు అరిస్తే నేనూ అరిచినా, తగ్గితే పిరికోడంటారని. అరిచేకొద్దీ అదే నిజమనిపించింది. వాడూ నన్ను చూసే అరిచినాడంట, శానా ఏండ్ల తర్వాత చెప్పినాడు.

సాయిబు ఇల్లు మా వీధి చివర. వీధిలోకి తిరిగితే ఎదురుగా పడుగు, మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు. ఎప్పుడూ వీధి పొడుగునా సాగదీసేది, ఆ పొద్దు మా అత్త, తన కోడల్ని తోడు పెట్టుకొని, ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా కట్టింది. నూలుకు గంజి పట్టించి, పక్కన నిలబడింది. తడి పడుగును దాటగూడదు, తెంపగూడదు. చూసినోడు చేయి వేయకుండా పోగూడదు. మాలో పసిపిల్లకు కూడా తెలిసిన కట్టుబాటు.

గుంపు ఆగింది. వెనకోళ్లు తోస్తాండారు. "పక్కకు జరుగు" అని ముందరోడు గద్దించినాడు. ఆమె గొంతు పెంచలేదు.

"గంజి ఆరిపోతాండాది. ఆరితే పోగులన్నీ అతుక్కుంటాయి. కుంచెలు ఆడుండాయి, పట్టండప్పా. దువ్వినంక పోదురు."

ఎవురూ కదల్లేదు. ఆమె నన్నే చూసింది.

"అల్లుడా, నీ చేతిలో రాయి ఆ గంజికుండ మూత మీద పెట్టు. పిల్లి తిరుగుతాంది. పెట్టి కుంచె పట్టు."

 వెనక నుంచి ఎవడో నన్ను ఆడదానివని తిట్టినాడు. రాయి పెట్టినా. కుంచె పట్టినా. కుంచెకు రెండు చేతులూ కావల్ల, కట్టె పట్టుకొని దువ్వలేము. ఇంకొకడు కట్టె గోడకు ఆనించినాడు. వాని వెనక ఇంకొకడు.

దువ్వుతాంటే ఆమె ఒక్కొక్కని పక్కకు పోయి అడిగింది, "నువ్వు చూసినావా? నీకెవురు చెప్పినారు?" వీడు వాన్ని చూపించె, వాడు ఇంకొకన్ని. మాట తిరిగి తిరిగి మొదటోని దగ్గరికే వచ్చింది. చూసినోడు ఒక్కడూ లేడు. బావిలోకి మనిషిని దింపితే అడుగున ఎర్రమట్టి కలిసిందని తేలింది. ఇద్దరు ముగ్గురు మాత్రం మమ్మల్ని తిట్టుకుంటా ఇండ్లకు పోయినారు.

"భయం కాలేదా అత్తా?" అని తర్వాత అడిగితే, "కాకేమి, కాళ్లు వణికినాయి. చీర ఉండబట్టి మీకు కనపళ్లేదు" అనింది. "ఒంటిగా ఉంటే మీలో ఒక్కడూ రాయెత్తడు అల్లుడా. గుంపులో ఒకరికొకరు భయపడి ఎత్తుతారు. ఎవడో ఒకడు ముందు దించల్ల."

ఈ ఏడు దేశం రెండు ముక్కలైతాంటే ఉత్తరాదిలో జరిగిన ఊచకోతలు పేపర్లో చదివి వినిపిస్తే, "ఆడ ముందు దించేవాడు దొరకలేదేమో" అనింది. ఇప్పుడు మా ఊర్లో కూడా మాటలు పుడతాండాయి. నువ్వు చూసినావా అని అడిగేదానికి ఆమె లేదు. నాకు భయమైతాంది.

పాడె లేచేముందు సాయిబు వచ్చినాడు. డెబ్బై ఏండ్ల మనిషి. మూలన గంజికుండ, దాని మూత మీద ముప్పై ఏండ్లుగా అదే రాయి. దాని సంగతి ఆయనతో ఎన్నడూ అనలేదు. ఆ పొద్దు నోరు తెరిచినా.

"సాయబన్నా, అది నీ కోసం ఎత్తిన రాయి. ఎత్తింది నేను."

ఆయన దాన్ని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నేను తలెత్తలేదు. ఆయన వంగి, మళ్ల మూత మీదనే పెట్టినాడు.

"ఉండనీప్పా. గంజి అట్లే ఉండాది. రాయి తీస్తే పిల్లి తాగుతాది."