సాక్షి కుర్చీలో మేత్రాణులు

1959 ఎండాకాలం. లక్సెట్టిపేటలో మా కతోలిక గుడిని ఆనుకుని ఉన్న బడి గదిలో మా కోర్టు పెట్టుకున్నాం. కోర్టంటే నల్లకోట్లు, జవాన్లు ఉండే కోర్టు కాదు. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు సిలువ. బల్లకు అటు జడ్జి, ఇటు నేను. మూడో కుర్చీ సాక్షిది. దీన్ని ట్రిబ్యునల్ అనేవాళ్ళం. కతోలిక సభలో పెళ్ళిళ్ళకు సంబంధించిన చిక్కులు విచారించి తేల్చే చోటు అది. నేను దానికి నోటరీని. సాక్షి చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం, చదివి వినిపించడం, సంతకమో వేలిముద్రో వేయించుకోవడం నా పని. ఇరవై ఎనిమిదేళ్ళు అదే చేశాను. వందల సాక్ష్యాలు నా చేతి మీదుగా పోయాయి. వాటిలో లూర్దమ్మ కేసు ఒక్కటే నన్ను మార్చింది.

ఆ రోజుల్లో మా అగ్రపీఠం, అంటే ఆర్చిబిషప్పుగారి ఏలుబడిలోని ప్రాంతం, చాలా పెద్దది. గోదావరికి ఇవతల కరీంనగర్ పల్లెలు, అవతల ఆదిలాబాద్ అడవులు, ఇంకా పడమటికి పోతే మరాఠీ వినబడే ఊళ్ళు. గురువులు, అంటే ఫాదర్లు, మాత్రం గుప్పెడు మంది. మా బాపు చిన్నప్పుడు వాళ్ళంతా సముద్రాలు దాటి వచ్చినవాళ్ళే. ఎడ్లబండి కట్టుకుని ఏడాదికి ఒకసారి ఊరికి వస్తే అదే పండుగ. మిగిలిన రోజుల్లో సభను నిలబెట్టింది ఉపదేశులు. ఉపదేశి అంటే కాలినడకన ఊళ్ళు తిరిగి జపాలు నేర్పేవాడు, రోగుల పక్కన కూర్చునేవాడు, గురువు అందనిచోట ఆయన బదులు నిలబడేవాడు. తెలుగు మనిషి మేత్రాణులు, అంటే బిషప్పో ఆర్చిబిషప్పో, కావడం మా తరమే చూసింది. మా మేత్రాణులు నల్లగొండ వైపు రైతు బిడ్డ. అప్పటికి యాభై నిండలేదు. మనసు మెత్తన, మాట తక్కువ.

లూర్దమ్మకు ముప్పై దాటాయి. బీడీలు చుట్టి బతికేది. ఆమె భర్త అంతోని ఉపదేశి. 1948 వానాకాలంలో, పోలీసు యాక్షన్‌కు ముందు ఊళ్ళన్నీ అట్టుడుకుతున్న రోజుల్లో, ఇంట్లోంచి పోయినవాడు మళ్ళీ రాలేదు. ఇప్పుడు కాగజ్‌నగర్ కాగితం మిల్లులో పనిచేసే రాయప్ప ఆమెను చేసుకుంటానన్నాడు. అతని భార్య పోయి రెండేళ్ళు, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. విచారణ గురువు, అంటే ఆ ఊరి గుడి చూసుకునే ఫాదర్, పెళ్ళి జరపలేకపోయారు. మొదటి భర్త చనిపోయాడన్న రుజువు లేదు మరి. అందుకే కేసు మా దగ్గరికి వచ్చింది.

ఇలాంటి కేసును ప్రిజంప్షన్ ఆఫ్ డెత్ అంటారు. మనిషి కనబడకుండా పోతే చనిపోయాడని ఎప్పుడు నమ్మవచ్చు అన్నదే ప్రశ్న. ఎన్నేళ్ళు గడిచాయన్నది మా చట్టానికి చాలదు. జడ్జికి మోరల్ సర్టన్టీ కలగాలి. అంటే, బుద్ధిగల మనిషి ఎవరైనా ఇక అనుమానించడానికి చోటులేదు అనేంత నమ్మకం.

మా జడ్జి ఫాదర్ చట్టం క్షుణ్ణంగా చదివినవారు. చెడ్డవారు కాదు, కానీ గీత దాటరు.

"నీ భర్త చనిపోయాడని నీకెలా తెలుసు?" అని అడిగారు.

"నేను కండ్లార సూడలే ఫాదర్," అంది లూర్దమ్మ. "గా వానకాలం నేను మా అవ్వగారింటికాడ ఉన్న, గోదారి అవుతల ధర్మపురి దిక్కు. కాన్పుకు పోయిన. బిడ్డ పుట్టింది గని దక్కలే. గా కబురు ఇని నన్ను సూడ వస్తుండెనట. నావ మునిగింది. కొందరు దొరికిన్రు. ఈయన దొరకలే."

"నావ ఎక్కుతుండగా చూసినవాళ్ళు?"

"ఎవ్వలు లేరు. అందరు అట్లనే అన్నరు."

"ఇంట్లోంచి ఏ పని మీద బయల్దేరాడు?"

ఆమె తలదించుకుంది. "గుడి పని మీద," అంది.

నేను 'గుడి పని మీద' అని రాసుకున్నాను. ఆ మాట దగ్గర కలం ఆగలేదు. ఆగాల్సింది.

నావవాడు అప్పటికే పోయాడు. అతని తమ్ముణ్ణి పిలిపిస్తే, ఆ రోజు నావలో ఉపదేశి ఉన్నాడో లేడో తనకు ఎరుక లేదన్నాడు. జడ్జి ఫాదర్ రెండు రోజులు ఆలోచించి, రుజువు చాలదని తీర్పు చెప్పారు.

ఆ మాట లూర్దమ్మకు చెప్పింది నేనే. బడి మెట్ల మీద కూర్చుని వింది. "సారూ, రాయప్ప వానలు పడెదాక ఆగుతనన్నడు. ఎన్ని దినాలని ఆగుతడు? గా పిల్లలకు నెత్తి దువ్వెటోళ్ళు లేరు," అంది. తర్వాత నెమ్మదిగా, "గుడి ఇడిసిపెట్టి సర్కారు పెండ్లి చేసుకోమంటున్రు. గుడి ఇడిసిపెడితే అంతోనికి ఏం మొఖం సూపెట్టాలె నేను?" అంది.

తీర్పు మీద మేత్రాణుల సంతకం పడితేనే చెల్లుతుంది. ఆయన అప్పుడు పిల్లలకు భద్రమైన అభ్యంగనం, అంటే విశ్వాసంలో స్థిరపరిచే నూనె పూత, ఇవ్వడానికి కరీంనగర్ వచ్చి ఉన్నారు. ఫైలు పట్టుకుని అక్కడికి పోయాను. మధ్యాహ్నం భోజనమై వరండాలో కూర్చున్నారు. కలం మూత తీసి, సంతకం చోటు వెతుకుతూ పై కాగితం చదివారు. ఆగారు.

"ఏ అంతోని? లక్సెట్టిపేట ఉపదేశా?"

"అవునండి అయ్యగారూ."

"ఏ పని మీద పోయిండని రాసినవు?"

"గుడి పని మీద అని చెప్పిందండి."

"ఎవరు పంపిన్రని అడగలేదా?"

"అడగలేదండి."

ఆయన కలానికి మూత పెట్టారు. "నేనే పంపిన," అన్నారు.

1948లో లక్సెట్టిపేట విచారణ గురువు ఆయనే. ఆ సంగతి నాకు తెలుసు. రెండింటినీ కలిపి చూసే తెలివే లేకపోయింది.

మర్నాడు పొద్దున్న జడ్జి ఫాదర్‌ను కరీంనగర్ పిలిపించారు. గుడి పక్క గదిలో బల్ల వేశాం. మేత్రాణులు వచ్చి పెద్ద కుర్చీ వైపు పోకుండా సాక్షి కుర్చీలో కూర్చున్నారు. జడ్జి ఫాదర్ చటుక్కున లేచి నిలబడ్డారు.

"అయ్యగారూ, మీరు అక్కడ కూర్చోవడమేమిటి? మీ మాట రాసి పంపితే చాలదా?"

"చాలదు ఫాదర్. లూర్దమ్మను ఏ కుర్చీల కూసోబెట్టి అడిగిన్రో నన్ను గూడ దాంట్లనే అడగాలె. కూసోండ్రి. ప్రమాణం చెప్పించండ్రి."

సువార్త గ్రంథం మీద ఆయన చెయ్యి పెట్టారు. నేను ప్రమాణం చదివాను, ఆయన తిరిగి చెప్పారు.

ఆయన చెప్పింది ఇది. ఆ వానాకాలం భైంసాలో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులో పనిచేసే ఒక కతోలిక కూలీ చావుబతుకుల్లో ఉన్నాడని కబురొచ్చింది. తాను పోదామంటే జ్వరం, లేవలేని స్థితి. అంతోనిని పిలిచి, పోయి అతని పక్కన కూర్చుని జపం చెప్పి రమ్మన్నారు. దారులు మంచిగా లేవని తెలిసీ పంపారు. అంతోని మారుమాట లేకుండా బయల్దేరాడు. రాలేదు. రెండు వారాలకు నావ మునిగిందన్న వార్త, అంతోని అందులోనే పోయాడన్న మాట వచ్చాయి. కొద్ది నెలలకే తనకు వేరే ఊరికి బదిలీ అయింది.

"మీరు ఆ మాట నమ్మారా?" అని జడ్జి ఫాదర్ అడిగారు.

"నమ్మిన. నమ్ముడు అల్కగ అయింది. లక్సెట్టిపేట నుంచి భైంసాకు నిర్మల్ మీదుగ పోవాలె. గోదావరి దాటే పనే లేదు. తిరిగొచ్చి భార్యను సూడపోయిండేమో అనుకున్న. తిరిగొచ్చినోడు ముందుగాల నాకు కనబడడా? గా ముక్క నేను ఆలోచించలే. ఏటేటా ఆయన పేరు మీద పూజ చేసిన. ఒక్కసారి గూడ భైంసా పోలే." నా వైపు చూసి, "ఇది గూడ రాయి," అన్నారు.

రాశాను. చదివి వినిపించాను. సంతకం చేశారు. జడ్జి ఫాదర్ తీర్పు చించేసి, నన్ను భైంసా పొమ్మన్నారు.

బస్సులు మారి భైంసా చేరాను. జిన్నింగులన్నీ తిరిగాను. పదకొండేళ్ళ కింది కూలీలు ఎక్కడెక్కడికో పోయారు. మూడో రోజు ఒక ముసలి హమాలీ, "జపమాల ఏసుకున్న మనిషా? ఖాసిం సాబ్‌ను అడుగు," అన్నాడు. ఖాసిం సాబ్ పత్తి వ్యాపారి. అరవై ఏళ్ళుంటాయి. నేను అడగబోతుండగానే, నా మెడలో సిలువ చూసి ఆయన, "మీరు ఇన్నేండ్లకు వచ్చిన్రా?" అన్నారు.

లోపలికి తీసుకుపోయి చాయ్ ఇప్పించి చెప్పారు. "ఆ కూలీ మా జిన్నింగుల చేసెటోడు. మీ మనిషి వచ్చి నాలుగు దినాలు ఆయన పక్కనుంచి లేవలే. కూలీ పోయిండు. రెండో దినం ఈయనకు గదే జ్వరం పట్టింది. గా రోజులు ఎట్లాంటియో మీకెరికే. పరాయి మనిషిని ఇంట్ల పెట్టుకోవాలంటే అందరికి భయం. మా అమ్మ మాత్రం బీమార్ మనిషి, లోపలికి తెండ్రి అన్నది. వారం దినాలు మా అమ్మనే గంజి తాగిపిచ్చింది. ఆయన పోయినంక పాద్రీ సాబ్ కోసం తలాష్ చేసినం. దొరకలే. ఏ ఊరికి కబురు పంపాల్నో, ఎట్ల మట్టి చెయ్యాల్నో మాకు తెల్వదు. మా చేన్ల ఒక మూలకు పెట్టినం. ఇయ్యాల్టిదాక ఆడ నాగలి పోనియ్యలే."

పెట్టెలోంచి ఒక మూట తెచ్చారు. జపమాల, చిన్న నోటుపుస్తకం. అందులో ఊళ్ళవారీగా పేర్లు, ఎవరికి ఏ జపం వచ్చిందో, ఎవరికి రాదో. ఆ పుస్తకాన్ని తిరిగొచ్చాక మా ఆఫీసులో ఉన్న అంతోని ఉత్తరాలతో పోల్చి చూశాం. చేతిరాత ఒకటే. అక్కడే ఖాసిం సాబ్ సాక్ష్యం రాసుకుని చదివి వినిపించాను. కింద ఉర్దూలో సంతకం పెట్టారు. "ఆయనకు ఇంటోళ్ళు ఉన్నరా?" అని అప్పుడడిగారు. ఉన్నారని చెప్పాను. కళ్ళు తుడుచుకున్నారు.

ఆ సాక్ష్యంతో జడ్జి ఫాదర్ అంతోని చనిపోయాడని కొత్త తీర్పు ఇచ్చారు. ఈ కబురు ఉత్తరం రాసి పంపవచ్చు. మేత్రాణులు ఒప్పుకోలేదు. తనే లూర్దమ్మ ఇంటికి వచ్చారు. ఆమె వాకిట్లో బీడీ ఆకు చేటతో కూర్చుని ఉంది. కంగారుగా లేవబోతే వద్దని, ఎదురుగా గడప మీదనే కూర్చున్నారు.

"లూర్దమ్మా, అంతోని గోదాట్ల పోలే. నేను పంపిన పని మీద భైంసా పోయి, ఆ పని చేసి, ఆడనే జ్వరంతోటి పోయిండు. నేను దేవులాడలే. పదకొండేండ్లు నేను దేవులాడలే. నన్ను క్షమించు."

ఆమె ఆయన క్షమాపణ విన్నట్టే లేదు. "నావల లేడా?" అంది.

"లేడు."

"నన్ను సూడ వచ్చుకుంట మునగలేనా?"

"లేదు బిడ్డా."

లూర్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపటికి, "నా తాన్కి వస్తనే సచ్చిండని, నేనే మింగిన్నని అనుకుంటి సామీ," అంది. "పండుకున్నా లేసినా గదే అనుకుంటి."

తర్వాత నేను మెల్లగా అడిగాను, ఎవరు పంపారో ట్రిబ్యునల్‌లో ఎందుకు చెప్పలేదని. "పెద్దసామి పేరు కాగితాల మీద ఎట్ల ఎక్కియ్యాలె సారూ? తప్పు నాది అనుకుంటినాయె. ఆయిన్నెందుకు ఇరికియ్యాలె?" అంది. మేత్రాణులు తలవంచుకుని విన్నారు.

వారం తిరక్కుండా అందరం భైంసా పోయాం. చేను మూలన మేత్రాణులు సమాధి ప్రార్థనలు చదివారు. ఖాసిం సాబ్, ఆయన కొడుకులు కొంచెం ఎడంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన తల్లి బాగా పెద్దదైంది, కళ్ళు సరిగా కనబడవు. లూర్దమ్మ ఆమె పక్కన కూర్చుని ఆమె రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులే అంతోనికి చివరి గంజి పోశాయి. ఒకరి భాష ఇంకొకరికి సగమే వచ్చు. ఇద్దరూ చాలా మాట్లాడుకున్నారు.

వానలు పడకముందే లక్సెట్టిపేట గుడిలో లూర్దమ్మకు, రాయప్పకు మేత్రాణులే పెళ్ళి జరిపించారు. రాయప్ప కూతుళ్ళిద్దరూ నూనె పెట్టి గట్టిగా దువ్విన జడలతో ముందు వరుసలో కూర్చున్నారు.

కొన్నేళ్ళకు అగ్రపీఠం చరిత్ర రాయమని నాకే అప్పగించారు. నేను అలవాటు ప్రకారం మేత్రాణుల పేర్లు వరసగా రాసుకుపోయాను. ఆయన చూసి, "గివి ఎనుక రాయొచ్చు. నడిచినోళ్ళ పేర్లు ముందుగాల రాయి," అన్నారు. నెలల తరబడి ఊళ్ళు తిరిగి ఉపదేశుల పేర్లు పోగుచేశాను. నా ఉద్యోగంలో నేను అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు.

ఈ కేసు నాకు నేర్పింది రెండు సంగతులు. సాక్షి తలదించుకుని ఒక చిన్న మాట చెబితే, ఆ మాట వెనక ఇంకొకరిని కాపాడుతూ ఉండొచ్చు. అక్కడ కలం ఆపి, ఇంకొక్క ప్రశ్న మెత్తగా అడగాలి. ఆ తర్వాత నేను రాసిన ప్రతి సాక్ష్యంలోనూ అడిగాను. రెండోది, పెద్దరికం గురించి. పెద్ద కుర్చీలో కూర్చోవడం తెలిసినవాళ్ళను చాలామందిని చూశాను. అవసరమైనప్పుడు దాన్ని వదిలి సాక్షి కుర్చీలో కూర్చున్న మనిషి దగ్గర పనిచేసే భాగ్యం నాకు దక్కింది. అందుకు ఇవాళ్టికీ దేవునికి దండం పెట్టుకుంటాను.